పంద్య, పందెం: ఇంగ్లండు ఫుట్‌బాల్ పూల్స్ కథ

కన్నడ పేపర్లో ఆటల పేజీ చదువుతూ పెరిగినవాళ్లం మేము. అందులో ‘ఫుట్‌బాల్ పంద్య’ అంటే ఫుట్‌బాల్ మ్యాచ్, ‘పంద్యావళి’ అంటే టోర్నమెంటు. ఇంటికొస్తే తెలుగులో ‘పందెం’ వేరే సంగతి. కోడిపందెం, గుర్రప్పందెం, ‘ఎంత పందెం?’ అని చెయ్యి చాపడం. కన్నడంలో ఆ పనికి జూజు, బాజి అని వేరే మాటలున్నాయి. బళ్లో పంద్య మర్యాదైన మాట, ఇంట్లో పందెం అవ్వ ముందు అనకూడని మాట. చెవికి మాత్రం రెండూ అన్నదమ్ముల్లాగే వినిపించేవి. ఫుట్‌బాల్ వరకు చూస్తే అవి నిజంగానే ఒకే ఇంట్లో పెరిగిన అన్నదమ్ములు. ఆ ఇల్లు ఇంగ్లండులో ఉంది.

ఇప్పుడీ సంగతి ఎందుకంటే, మా ఇంటి పిల్లల వాట్సాప్ గ్రూపులో శని, ఆదివారాలు ఫుట్‌బాల్ తప్ప వేరే మాట ఉండదు. కంఠీరవ స్టేడియంలో బెంగళూరు ఎఫ్‌సీ ఆడినా, అర్ధరాత్రి ఇంగ్లండు మ్యాచ్ నడిచినా అంతే. గత కొన్నేళ్లుగా ఆ మాటల తీరు మారింది. ‘గెలిచామా?’ అని అడిగేవాళ్లు ‘ఎన్ని గోల్స్ తేడా? కార్నర్లు ఎన్ని?’ అని అడుగుతున్నారు. గెలిచిన స్లిప్పు ఫోటో నిమిషంలో గ్రూపులోకి వస్తుంది. ఓడిన స్లిప్పు రాదు, దాని బదులు రెఫరీకి, గోల్‌కీపరుకి తిట్లు వస్తాయి. పెద్దవాళ్లేమో ఇదంతా సెల్‌ఫోను తెచ్చిన కొత్త రోగం అంటారు. సెల్‌ఫోను దాన్ని జేబులో పెట్టింది, అంతే. రోగానికి వందేళ్లు దాటాయి.

1923లో మాంచెస్టర్ ఊళ్లో టెలిగ్రాఫు కంపెనీలో పనిచేసే ముగ్గురు స్నేహితులు తలా 50 పౌండ్లు వేసుకున్నారు. వాళ్లలో జాన్ మూర్స్ ఒకడు. ఆలోచన వాళ్లది కాదు, బర్మింగ్‌హామ్‌లో జాన్ జెర్విస్ బార్నార్డ్ అనే అతను అప్పటికే మొదలుపెట్టాడు. వచ్చే శనివారం ఆడబోయే మ్యాచ్‌ల పట్టీ ఒక కాగితం మీద అచ్చువేసి పంచుతారు. ఎవరు గెలుస్తారో, ఏది డ్రా అవుతుందో గుర్తుపెట్టి, తలా కొంత డబ్బు కడతారు. అందరి డబ్బూ ఒకే కుండలో పడుతుంది. నడిపేవాడు తన భాగం తీసుకుంటాడు, మిగిలింది సరిగ్గా చెప్పినవాళ్లు పంచుకుంటారు. అందుకే దానికి పూల్ అని పేరు. మూర్స్ వాళ్లు నూటికి పది తీసుకుందామనుకున్నారు.

వాళ్ల కంపెనీలో వేరే పని చేస్తే ఉద్యోగం పోతుంది. కాబట్టి సొంత పేర్లు పెట్టలేదు. ముగ్గురిలో కాలిన్ ఆస్కమ్‌కి పుట్టినప్పటి ఇంటిపేరు లిటిల్‌వుడ్. అది ఎవరికీ తెలియదు గనుక ‘లిటిల్‌వుడ్స్’ అని పెట్టారు. ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం బయట పిల్లల చేత 4,000 కూపన్లు పంచారు. తిరిగొచ్చినవి 35. వచ్చిన డబ్బు 4 పౌండ్ల 7 షిల్లింగుల 6 పెన్సు. తర్వాత హల్ ఊళ్లో 10,000 పంచితే ఒక్కటంటే ఒక్కటి వచ్చింది. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉన్న మాకు ఈ అంకెలు చాలా దగ్గరగా అనిపిస్తాయి: మొదటి రిలీజుకి ఇలాంటి స్పందన వస్తే ఏ మేనేజరైనా ప్రాజెక్టు మూసేస్తాడు. మిగతా ఇద్దరూ అదే అన్నారు. మూర్స్ వాళ్ల వాటా డబ్బు వాళ్లకిచ్చి ఒక్కడే కొనసాగించాడు. పదేళ్లు తిరిగేసరికి మిలియన్ పౌండ్ల ఆసామి అయ్యాడు.

ఇందులో చట్టం పాత్ర ఒకటుంది. 1920లో బ్రిటన్‌లో ఒక చట్టం వచ్చింది. ఫుట్‌బాల్ మీద ముందే రొక్కం తీసుకుని పందెం కట్టించకూడదు. పూల్స్ కంపెనీలు దానికి దారి కనిపెట్టాయి: ఈ వారం కూపను పంపు, డబ్బు వచ్చే వారం పంపు. అంటే ఓడిపోయిన పందేనికి వారం తర్వాత పోస్టల్ ఆర్డరు కొని నిజాయితీగా పంపాలి! లక్షల మంది పంపారు. గని కార్మికులు, మిల్లు పనివాళ్లు, ఓడరేవు కూలీలు, వాళ్ల భార్యలు. అప్పు ఎగ్గొట్టే అవకాశం ఉన్నా పంపారంటే, వచ్చే వారం ఆడకుండా ఉండలేరన్నమాట. 1930ల చివరికి వారానికి కోటి మంది దాకా ఆడేవారు. లివర్‌పూల్‌లో కూపన్లు సరిచూడటానికి హాళ్లకు హాళ్లు నిండా ఆడపిల్లలు కూర్చునేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో అవే హాళ్లలో పారాషూట్లు కుట్టారు.

కూపను మీద సొంతూరి జట్టు గెలుపుకి 1, పైఊరి జట్టు గెలుపుకి 2, డ్రాకి X. ఇప్పుడు మా పిల్లల ఫోన్లలో కనిపించే 1X2 ఆ సంతానమే. 1946లో ‘ట్రెబుల్ చాన్స్’ వచ్చింది. పట్టీలో ఉన్న యాభై పైచిలుకు మ్యాచ్‌లలో డ్రా అయ్యే ఎనిమిదింటిని పట్టుకోవాలి. మా వృత్తి టెస్టింగ్ కాబట్టి లెక్క వెయ్యకుండా ఉండలేం. 55 మ్యాచ్‌లలో ఎనిమిదింటిని ఎంచుకునే దారులు 121 కోట్ల 75 లక్షలకు పైనే. పదింటిని ఎంచుకుని అందులో ఏ ఎనిమిదైనా అని రాస్తే 45 వరసలు, పన్నెండు ఎంచుకుంటే 495. ప్రతి వరసకూ పైసలు కట్టాలి. ఇంగ్లండులో ఆరో తరగతి దాటని తాతలు కూడా ఈ ‘పర్మ్’ లెక్కలు నోటికి చెప్పేవారట. ఒకటి గమనించండి. డ్రా కోసం చూసేవాడు ఏ జట్టు అభిమానీ కాదు. తన ఊరి జట్టు 1-0తో గెలుస్తుంటే, ఎదుటివాళ్లు ఒక గోల్ వేస్తే బాగుండునని అతను కోరుకుంటాడు. మొదటి బీట అక్కడ పడింది.

శనివారం సాయంత్రం ఐదు గంటలకు బీబీసీ రేడియోలో ఫలితాలు చదివేవారు. ఆ అయిదు నిమిషాలు ఇంట్లో చంటిపిల్ల ఏడ్చినా ఒప్పుకునేవాళ్లు కాదు. 1974 నుంచి దాదాపు నలభయ్యేళ్లు జేమ్స్ అలెగ్జాండర్ గోర్డన్ చదివాడు. మొదటి జట్టు పేరు, దాని గోల్స్ చెప్పి, రెండో జట్టు పేరు పలికే గొంతులోనే గెలుపో ఓటమో డ్రానో తెలిసిపోయేలా చదివేవాడు. అంకె రాకముందే ఇంట్లో పెన్సిల్ కిందపడేది.

ఆ ఆశ ఏపాటిదో ముందుగా గుర్తించినవాళ్లలో కేంబ్రిడ్జి ప్రొఫెసరు జాన్ హిల్టన్ ఒకడు. మిల్లు పని చేసి పైకొచ్చిన మనిషి, రేడియోలో మామూలు జనంతో మాట్లాడేవాడు. ‘నేను పూల్స్ ఎందుకు ఆడతాను’ అని జనం చేతే చెప్పించి 1936లో పుస్తకం వేశాడు. మా గ్రూపులాంటిది అప్పుడే ఒకటి కాగితం మీద ఉందన్నమాట.

అదే 1936లో ఫుట్‌బాల్ లీగు పెద్దలకు కోపం వచ్చింది. మా ఆట మీద వీళ్లు బతకడమేంటి అని. మ్యాచ్‌ల పట్టీ ముందుగా చెప్పకపోతే కూపన్లు అచ్చెయ్యలేరు కదా అని, ఫిబ్రవరి ఆఖర్లో పట్టీ రద్దుచేసి, ఎవరితో ఎవరు ఆడతారో చివరి నిమిషం దాకా దాచారు. రెండు శనివారాలు నడిచింది. పూల్స్ కంపెనీలకేం కాలేదు గానీ, ఎవరు వస్తున్నారో తెలియక మైదానాలకు జనం తగ్గారు. క్లబ్బులే తిరగబడ్డాయి. లీగు దిగొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే హిట్లర్ సైన్యం రైన్‌లాండులో దిగింది. అప్పుడు యార్క్‌షైర్‌లో ఉన్న జార్జ్ ఆర్వెల్ (మన బిహారు మోతిహారిలో పుట్టినవాడే) రాశాడు, ఆ ఊళ్లలో హిట్లర్ సంగతి ఎవరికీ పట్టలేదని, మ్యాచ్‌ల పట్టీ ఆపేశారన్న వార్తకు మాత్రం ఊళ్లు ఊళ్లే మండిపడ్డాయని. ఆర్వెల్ ఎగతాళిగా చెప్పలేదు. పనిలేని వాళ్లకు వారానికి ఒక ఆశ అందులోనే దొరుకుతోందని ఆయన ఉద్దేశం.

తర్వాత లీగుకి బుద్ధి వచ్చింది. లేక ఆశ వచ్చింది, మీరే చెప్పుకోండి. 1959లో కోర్టుకెళ్లి మ్యాచ్‌ల పట్టీ మీద కాపీరైటు తమదేనని తీర్పు తెచ్చుకుని, ఏడాదికి కనీసం 2,45,000 పౌండ్లు తీసుకోవడానికి పూల్స్ కంపెనీలతో ఒప్పందం చేసుకుంది. 23 ఏళ్ల క్రితం పాపం సొమ్మన్నవాళ్లకే అది జీతం డబ్బయింది. 1963 చలికాలంలో మంచు గడ్డకట్టి ఎఫ్ఏ కప్పు మూడో రౌండు ఒక్కటి ముగియడానికి 66 రోజులు పట్టింది. మ్యాచ్‌లు లేకపోతే కూపన్లు లేవు. జనవరి 26న కంపెనీలు కొందరు పాత ఆటగాళ్లను, ఒక రెఫరీని లండన్‌లో ఒక గదిలో కూర్చోబెట్టి, జరగని మ్యాచ్‌లకు ఫలితాలు చెప్పించాయి. టామ్ ఫిన్నీ, టామీ లాటన్ లాంటి మహామహులు ఆ గదిలో ఉన్నారు. బంతి కదలలేదు, మైదానంలో మనిషి లేడు, కానీ ఫలానా జట్టు గెలిచింది, డబ్బు పంచండి. పందేనికి పంద్య కూడా అక్కర్లేదని తేలిపోయింది.

గెలిచినవాళ్ల కథలు అందరికీ తెలుసు, ఎందుకంటే పత్రికలు వాటినే వేసేవి. కూపను మీద ‘నా పేరు బయటపెట్టొద్దు’ అనడానికి ఒక గడి ఉండేది, అందులోనూ X కొట్టాలి. 1961లో యార్క్‌షైర్ కాజిల్‌ఫర్డ్‌కి చెందిన వివ్ నికల్సన్ దంపతులకు 1,52,000 పౌండ్లకు పైగా తగిలింది. భర్త గనిలో వారానికి 7 పౌండ్ల జీతగాడు. ఏం చేస్తారని విలేకర్లు అడిగితే ఖర్చు, ఖర్చు, ఖర్చు అంది ఆమె. అలాగే చేసింది. 1965లో భర్త కారు ప్రమాదంలో పోయాడు, మిగిలిన డబ్బు కరిగిపోయి ఆమె దివాలా తీసింది. ఆమె మీద నాటకాలు కూడా వచ్చాయి. వారం వారం రెండు షిల్లింగులు కట్టి నలభయ్యేళ్లలో ఏమీ రాని పొరుగింటి మనిషి మీద ఎవరు నాటకం రాస్తారు?

ఆటగాళ్ల వైపు ఏం జరిగిందో చూద్దాం. మా గ్రూపులో ఎవరూ ఎత్తని భాగం ఇదే.

1915 ఏప్రిల్ 2, గుడ్ ఫ్రైడే. మాంచెస్టర్ యునైటెడ్ లివర్‌పూల్‌ని 2-0తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో పెనాల్టీని గోలుకి చాలా దూరంగా కొట్టారు, చూసే జనానికే అనుమానం వచ్చింది. ఒకటికి ఏడు చొప్పున సరిగ్గా ఆ 2-0 మీదే జనం డబ్బు కట్టి ఉన్నారని తర్వాత తేలింది. రెండు జట్లలో కలిపి ఏడుగురికి జీవితకాల నిషేధం. యుద్ధం చేసొచ్చినవాళ్లకు తర్వాత మాఫీ చేశారు. తప్పు చెయ్యలేదని కోర్టుకెక్కి ఓడిపోయిన ఇనాక్ వెస్ట్‌కి మాత్రం 1945 దాకా నిషేధం నడిచింది.

ఇంకోటి 1962 డిసెంబరు 1న. షెఫీల్డ్ వెన్స్‌డే జట్టులో పీటర్ స్వాన్, టోనీ కే, డేవిడ్ లేన్ అనే ముగ్గురు తమ జట్టు ఇప్స్‌విచ్ చేతిలో ఓడుతుందని తలా 50 పౌండ్లు కట్టారు. 2-0తో ఓడింది. తలా నూరు పౌండ్లు మిగిలాయి. ఇదంతా నడిపింది జిమ్మీ గాల్డ్ అనే మాజీ ఆటగాడు. అతనే 1964 ఏప్రిల్లో ఒక ఆదివారం పత్రికకు కథ అమ్ముకున్నాడు. ఆ మ్యాచ్ రాసినప్పుడు టోనీ కేని అందరికంటే బాగా ఆడినవాడని మెచ్చుకున్నది కూడా ఆ పత్రికే. 1965 జనవరిలో నాటింగ్‌హామ్ కోర్టులో గాల్డ్‌కి నాలుగేళ్లు, ఈ ముగ్గురికీ నాలుగు నెలలు జైలు పడింది. ఫుట్‌బాల్ నుంచి జీవితకాల నిషేధం. 1966లో ఇంగ్లండు వరల్డ్ కప్ గెలిచినప్పుడు, ఆ జట్టులో ఉండాల్సిన స్వాన్, కే ఇంట్లో కూర్చున్నారు. నిషేధం 1972లో తీశారు, స్వాన్‌కి అప్పటికి 35. తాము నిజంగానే ఆడి ఓడామని, కానీ ఒకవేళ గెలిచే పరిస్థితి వచ్చుంటే ఏం చేసేవాడో తనకే తెలియదని స్వాన్ చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు. మాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే నిజమైన మాట ఇదే అనిపిస్తుంది.

ఆ మ్యాచ్ అయ్యాక కొద్ది రోజులకే టోనీ కేని ఎవర్టన్ క్లబ్బు భారీ ధర పెట్టి కొంది. ఎవర్టన్ ఛైర్మన్ ఎవరనుకుంటున్నారు? జాన్ మూర్స్. లిటిల్‌వుడ్స్ మూర్సే. జనం పందేలతో గడించిన డబ్బుతో క్లబ్బు నడిపే ఆయన 1963లో లీగు గెలిచాడు, ఆయన ఆటగాడు పందెం కట్టినందుకు జైలుకెళ్లాడు. అరవయ్యేళ్ల తర్వాత 2023లో బ్రెంట్‌ఫర్డ్ ఆటగాడు ఐవన్ టోనీకి 232 బెట్టింగు ఉల్లంఘనలకు ఎనిమిది నెలల నిషేధం వేశారు. ఆ క్లబ్బు యజమాని మాథ్యూ బెన్‌హామ్ బెట్టింగు లెక్కల వ్యాపారంలో సంపాదించినవాడు, టోనీ ఛాతీ మీద ఉన్న పేరు ఒక బెట్టింగు కంపెనీది. ఇద్దరు యజమానులూ చట్టం దాటలేదు, ఆటగాళ్లు నిబంధన దాటారు, అది ఒప్పుకోవాల్సిందే. అయినా ఆ చొక్కా ఫోటో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇక అభిమాని వైపు. మా చిన్నాయన కొడుకు ఒకడు, పేరు ఎందుకులెండి, బళ్లో ఉన్నప్పటినుంచి అర్జెంటీనా పిచ్చోడు. నీలం తెలుపు చారల చొక్కా ఒకటి చిరిగితే ఇంకొకటి కొనేవాడు. 2022 నవంబరు 22న సౌదీ అరేబియా అర్జెంటీనాని 2-1తో ఓడించిన సాయంత్రం వాడికి మూడు నెలల బైకు వాయిదాల డబ్బు పోయింది. సుమ్మనే ఉంటే సరిపోయేది. పోయింది రాబట్టాలి కదా, కడుతూ పోయాడు. డిసెంబరు 18 ఫైనల్‌కి ‘గుండె మాట వినకూడదు, లెక్క చూడాలి’ అని ఫ్రాన్స్ మీద కట్టాడు. 3-3 అయింది, పెనాల్టీల్లో అర్జెంటీనా గెలిచింది, మెస్సీ కప్పెత్తాడు. పదిహేనేళ్లుగా వాడు ఎదురుచూసిన రాత్రి అది. గ్రూపులో అందరం వాడికి అభినందనలు పంపాం. వాడు మర్నాడు మధ్యాహ్నం దాకా జవాబివ్వలేదు. సంగతి మాకు నాలుగు నెలల తర్వాత, వాళ్లమ్మ గాజుల విషయం బయటపడ్డప్పుడు తెలిసింది.

కోడిపందేలకు ఊళ్లు ఊళ్లే కదిలే మన తెలుగువాళ్లకు ఈ కథలో చోటు లేకుండా ఉంటుందా? ఉంది, అది కోర్టుల్లో. పైగా ఒకటి మా బెంగళూరుది. ఇక్కడ ‘స్పోర్టింగ్ స్టార్’ అనే వారపత్రిక అచ్చయ్యేది. అందులో ఆర్.ఎం.డి.సి. క్రాస్‌వర్డ్ పోటీలు నడిచేవి. ఫీజు కట్టి గడులు నింపి పంపితే బహుమతి. పత్రిక బొంబాయిలో బాగా అమ్ముడుపోయేది, అక్కడ కూపన్లు పోగుచేసే ఏజెంట్లుండేవారు. అచ్చం పూల్స్ పద్ధతి, ఫుట్‌బాల్ బదులు పదాలు. బొంబాయి ప్రభుత్వం పన్ను వేసింది, కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. 1957 ఏప్రిల్ 9న ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ ఋగ్వేదంలోని జూదరి సూక్తం నుంచి మహాభారతం దాకా ఎత్తి చూపించి, జూదం వ్యాపారమే కాదు, దానికి వ్యాపార హక్కు వర్తించదని తీర్పిచ్చారు. కానీ అదే రోజు వచ్చిన ఇంకో తీర్పులో, నైపుణ్యం ముఖ్యమైన పోటీలు వేరు అన్నారు.

ఆ సందులోంచి పదేళ్లకు సికింద్రాబాదు వచ్చింది. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడుతుంటే పోలీసులు పట్టుకున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో నైపుణ్యమే ఎక్కువ అని 1967లో సుప్రీంకోర్టు అంది. సాయంత్రం క్లబ్బులో పేకాడుకునే నలుగురి కోసం చెప్పిన ఆ మాట మీద, యాభయ్యేళ్ల తర్వాత ఫోన్లలో వేల కోట్ల వ్యాపారం లేచింది. రమ్మీ యాప్‌లూ, జట్టు కట్టుకుని డబ్బు పెట్టే ఫాంటసీ ఆటలూ అన్నీ ‘మాది నైపుణ్యం’ అన్నాయి. కర్ణాటక 2021లో నిషేధం తెస్తే 2022 ఫిబ్రవరి 14న మా హైకోర్టు కొట్టేసింది. చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమైనా అదృష్టమైనా ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ నిషేధం అని చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం పడింది. క్రికెట్ జట్టు చొక్కా మీద పేరు కూడా ఆ నెలలోనే పోయింది. ఇంగ్లండులో పూల్స్‌ని చట్టం చంపలేదు. 1994 నవంబరులో ప్రభుత్వమే నేషనల్ లాటరీ పెట్టింది, జనం అటు మళ్లారు.

మా చిన్నాయన కొడుకు ఇప్పుడు మ్యాచ్‌లు చూడటం మానేశాడు. డబ్బు లేకుండా చూస్తే చప్పగా ఉందంటాడు.

ఇంకో సంగతి. ‘స్పోర్టింగ్ స్టార్’ పాత సంచికగానీ, ఆ క్రాస్‌వర్డ్ కూపనుగానీ చిక్కపేట, కంటోన్మెంటు వైపు పాత ఇళ్లున్నవాళ్ల అటకల మీద ఎక్కడైనా దొరికితే, పారెయ్యకుండా ఫోటో తీసి మాకు పంపండి. మా తాత ట్రంకు పెట్టెలో వెతికాం, రేసుకోర్సు టికెట్లు రెండు దొరికాయి గానీ అది దొరకలేదు.